చుక్క తర్వాత సున్న

చేవెళ్ల పాలకేంద్రానికి కంప్యూటర్ వచ్చిన రోజులవి. అమీర్‌పేటలో కోర్సు చేయనివాడు మనిషే కాదన్న కాలం. పాలు పోసేవాళ్లు పదిరోజులు చూసి సరేనంటే ఆ డబ్బా ఉంటుంది, పద్దెనిమిదేళ్లుగా చీటీలు రాస్తున్న జంగయ్య ఇంటికి పోతాడు. వద్దంటే డబ్బానే ఆటో ఎక్కి మొయినాబాద్ పోతుంది.

ప్రోగ్రాం రాసింది మొయినాబాద్ కిరాణాకొట్టు ముకుందం కూతురు స్వప్నిక. పొద్దున మొదటి బస్సుకే దిగేది. జంగయ్య పాలు మిషన్‌లో పెట్టి ఫ్యాట్ ఎంతో చదివితే, ఆ పిల్ల టకటకా కొట్టేది. నడుమ ఆయన నోరు ఊరుకుంటుందా!

"మా బాపు సాదిన బర్రె ఉండె బిడ్డా. దాని పాల మీగడ మీదికెళ్లి పిల్లి నడుసుకుంట గంగాళం అవతలికి పోయేది. కాళ్లు తడిస్తే ఒట్టు."

"ఫ్యాట్ ఎంతుండె తాతా?"

"మిషన్‌కే సిగ్గయి చెప్పకపోయేది."

నాలుగోరోజు గోపమ్మ చీటీ చూసి క్యాను ఠప్పున కింద పెట్టింది. ఆమెకు చదువు రాదు, అంకెలు మాత్రం గుర్తుపడుతుంది.

"ఆరు పక్కన సున్న ఏది? నా పాలు చూడకుంటనే రాస్తరా?"

"ఆరు, ఆరు పాయింట్ సున్న రెండూ ఒకటే అవ్వా," అంది స్వప్నిక.

"నీకు ఒకటే. నా బర్రెకు కాదు."

వెనకవాళ్లూ చీటీలు తీసి చూసుకుని, డబ్బా వద్దే వద్దన్నారు. జంగయ్య బెల్లం చప్పరిస్తున్నవాడిలా కూర్చున్నాడు. తీరా ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేసరికి ఆ తీపి కాస్తా గొంతుకు అడ్డంపడింది.

"మిషన్ చూస్తేనే చుక్క పెట్టి సున్న పెడత బిడ్డా. అది ఖరాబైననాడు వేలు ముంచి అందాజగ చెప్త. గప్పుడు ఒట్టి ఆరే. అందరికీ ఎరుకైన ముచ్చటే."

చివరి సున్న దండగని కంప్యూటర్ తనంతట తానే తీసేస్తుందట. చుక్క తర్వాత ఒక అంకె తప్పకుండా పడేలా స్వప్నిక సరిచేసింది. మర్నాడు సున్నలు చూసి అందరూ చల్లబడ్డారు.

ఏడోరోజు మిషన్ మొరాయించింది. జంగయ్య వేలు ముంచి, "ఆరు" అన్నాడు. చీటీ మీద 6.0 పడింది. గోపమ్మ సంబరంగా చెయ్యి చాపింది. ఆయన ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ పద్దెనిమిదేళ్లలో మిషన్ చూడని పాలకు ఆయన ఒక్క సున్న పెట్టి ఎరుగడు. చీటీ గుంజుకుని చింపేశాడు.

"చూడనిదాన్ని చూసిన్నంటున్నది నీ డబ్బా!"

"మిషన్ చూసిందో లేదో దానికెట్ల తెలుస్తది తాతా?"

"దానికి తెల్వది. నాకు తెలుసు."

స్వప్నిక తెరవైపు తిరిగింది. మళ్లీ ఏదో మార్చింది. "ఇగ తనంతట సున్న పెట్టది, తియ్యది, కొట్టింది కొట్టినట్టే అచ్చేస్తది," అని లేచి, కుర్చీ ఆయనవైపు జరిపింది. "అందుకే ఇక్కడ నువ్వే కూసోవాలె."

పదోరోజు డబ్బా ఉండనీ అన్నారందరూ. జంగయ్య ఒంటివేలితో, కోడి గింజ ఏరినట్టు, ఒక్కో అంకె వెతికి కొడుతున్నాడు. వరుస రోడ్డెక్కింది.

"అన్నా," అంది గోపమ్మ, "నా బర్రె మళ్ల ఈనేలోపల చీటీ ఇస్తవా, ఇయ్యవా?"