తడి బూడిద

నన్ను నోరుగల్లది అనండి, పడతాను. మొండిది అనండి, అదీ పడతాను. కానీ ఉడుకుతున్న కూటి మీద చెయ్యి పెట్టి చెడగొట్టానని అంటే మాత్రం ఊరుకోను. ఆ మాటే అన్నది నా కోడలు తనూజ, శుక్రవారం సాయంత్రం, వంటింటి గడపలో నిలబడి.

"అత్తా, నిజం చెప్పు. నేను డ్యూటీకి పోయినాక ఈ మీట తిప్పుతాండేది నువ్వే కదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమ్మే, ఏం మాట్లాడతాండావు? నీ మిషన్ను నేను తాకనైనా తాకలే!"

"తాకకుంటే ఆదివారం మాత్రం ఎట్ల ఉడుకుతాంది? ఆదివారం నేను ఇంట్లో ఉంటా. మిగతా దినాలు ఉండేది నువ్వే."

నా కొడుకు ఓబుళేశు అక్కడే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. తల్లిని అంత మాట అంటుంటే ఇంకో గుక్క తాగాడు. తనూజ తలుపు దబాలున వేసుకుని గదిలోకి పోయింది. నేను ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అడిగినవాళ్ళూ లేరు.

గొడవంతా ఒక స్లో కుక్కర్ గురించి. లోపల పింగాణీ కుండ, పైన గాజు మూత, ముందు ఒక మీట. ఆ మీటకు మూడు గుర్తులు: పెద్ద సెగ, చిన్న సెగ, చివర ఉత్త వెచ్చన. వెచ్చన అంటే ఉడికినదాన్ని చల్లారనివ్వదు, అంతే. పచ్చిదాన్ని ఉడికించదు. పొద్దున ఎనిమిదింటికి పప్పో, ఉలవలో, కూరో వేసి చిన్న సెగ మీద పెట్టి పోతే, మనిషి దగ్గర లేకపోయినా సాయంత్రానికి మెత్తగా ఉడికి ఉండాలి.

తనూజ కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబు టెక్నీషియను. ఎనిమిదింటికి పోతే ఏడింటికి వస్తుంది. నెల కిందట మొగుడూ పెళ్ళాలకు ఆ ఉద్యోగం మీదే పెద్ద రభస అయింది. తనూజ అన్న రాజశేఖర్ కడప నుంచి బస్సెక్కి పరిగెత్తుకొచ్చాడు. అతని ముందర నా కొడుకు వెన్నపూసలాగా మాట్లాడాడు.

"నేనేం వద్దనను బావా. ఒక నెల చూద్దాం. రాత్రి పూట ఇంట్లో దాని చేతి వేడి కూడు ఉంటే నిక్షేపంగా ఉద్యోగం చేసుకోనీ. లేకుంటే మానుకోనీ. మా అమ్మ ఆ మోకాళ్ళతో పొయ్యి ముందర నిలబడితే నేను చూడలేను."

నా మోకాళ్ళ మీద వాడికంత ప్రేమ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. తనూజ సరేనంది. మర్నాడే స్లో కుక్కర్ కొనుక్కొచ్చింది. ఆసుపత్రి వాళ్ళు తనను పర్మినెంటు చేయబోతున్నారు. ఈ నెల గట్టెక్కితే చాలని దాని ఆశ.

ఎక్కడ గట్టెక్కుతుంది? రోజూ ఏడింటికి వచ్చి మూత తీస్తే పప్పు పలుకుపలుకుగా ఉండేది. మాంసం రబ్బరులాగా సాగేది. పైకి మాత్రం అంతా వేడి వేడిగా ఉండేది, ఎర్ర లైటు వెలుగుతూనే ఉండేది. బట్టలైనా మార్చుకోకుండా అది మళ్ళీ ప్రెషర్ కుక్కర్ ఎక్కించేది. నా మనవరాలు శిల్ప ఆకలికి ఉత్త జొన్నరొట్టె కొరుక్కుంటూ కూర్చునేది. నా కొడుకు గడియారం చూసి, "చూస్తాండావు కదామా, ఎనిమిదిన్నరైనా కూడు లేదు" అని నిట్టూర్చేవాడు. మిషన్‌ను అంగడికి తీసుకుపోతే, బంగారంలాగా ఉందని తిప్పి పంపారు. ఇక మిగిలిన అనుమానం నేనే.

నేను ఆ మిషన్ మొహమైనా చూసేదాన్ని కాదు. నిజం చెప్పాలంటే దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. కొత్తగా తెచ్చిన రోజు మూతెత్తి చూసి, "ఇది మన దాలి కదమ్మే" అన్నాను. అన్నాక నోరు చేదయింది.

కర్నూలుకు రాకముందు మాది కోసిగి దగ్గర పల్లె. పెరట్లో ఒక గుంత తీసి, అందులో పిడకలు పేర్చి నిప్పు వేసి, పైన వేరుశనగ పొట్టు కప్పి, దాని మీద కుండ పెట్టేవాళ్ళం. అదే దాలి. మంట ఉండదు, పొగ ఉండదు. పొద్దున ఉలవలు పెట్టి చేనికి పోతే, మాపటికి వేలితో నొక్కితే చితికేలా ఉడికేవి.

ముప్పై రెండేళ్ళ కింద నాకు అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం వచ్చింది. మా పల్లెలో పదో తరగతి పాసైన కోడలిని నేనొక్కదాన్నే. ఓబుళేశుకు అప్పుడు ఆరేళ్ళు. మా ఆయన మారెన్న, "చేసుకో గంగా, నేనేం వద్దనను" అన్నాడు. చేరాను. నలభై రోజులు చేశాను. ఏం చెప్పాలి, ఆ నలభై రోజుల్లో సగం రోజులు దాలి ఆరిపోయింది. మాపటికి వచ్చి చూస్తే ఉలవలు గులకరాళ్ళు, గుంతలో బూడిద తడి తడిగా ఉండేది. కుండ పొంగి నీళ్ళు కారి నిప్పు ఆరిందనుకున్నాను. నీళ్ళు తగ్గించాను. పెద్ద కుండ మార్చాను. పిడకలు నా చేత్తో నేనే ఎంచి పేర్చాను. అయినా ఆరేది. అత్తగారు ముక్కు మీద వేలేసుకునేది. చివరికి ఒకరోజు మా ఆయన తినే తట్టను ఉలవలతో సహా గోడకేసి కొట్టి, "దాలి నిలపలేనిదానివి పిల్లోల్లను ఏం నిలుపుతావే" అని లేచిపోయాడు. ఆ ఉలవలు నేల మీద నుంచి ఒక్కొక్కటే ఏరి కడుక్కుని నేనే తిన్నాను. మర్నాడు మానుకుంటున్నానని కాయితం రాసిచ్చాను. ఆ ఉద్యోగం పక్క వీధి శివలీలకు పోయింది. ఈ రోజుకీ ఊరంతా ఆమెను టీచరమ్మ అంటారు. నన్ను మాత్రం దాలి ఆర్పుకున్న గంగక్క అని వెక్కిరించారు. తప్పు నా చేతిదే కాబట్టి పడ్డాను.

శనివారం. నెల గడువుకు ఆఖరు రోజు. ఆ రాత్రికే రాజశేఖర్ వస్తానని ఫోను చేశాడు. తనూజ నాతో మాట్లాడకుండా, నానిన ఉలవలు, వంకాయలు, చింతపులుసు, కారం అన్నీ మిషన్‌లో వేసి, మీట చిన్న సెగ మీద పెట్టి పోయింది. పోతూ పోతూ నా వైపు ఒక చూపు చూసింది. తిట్టినా బాగుండేది.

నేను రోజూ పదకొండింటికి ఆటో ఎక్కి మోకాళ్ళకు కరెంటు పెట్టించుకోవడానికి పోతాను. నెల నుంచీ పోతున్నాను, ఒకటిన్నరకు గానీ తిరిగి రాను. ఆ రోజు కరెంటు పెట్టే అమ్మాయి సెలవు పెట్టింది. అదే ఆటోలో వెనక్కి వచ్చాను. ఇంటి ముందర నా కొడుకు బండి ఉంది. పాత బస్టాండు దగ్గర మోటార్లు చుట్టే అంగడి వాడిది. ఈ వేళప్పుడు ఇంటికెందుకు వచ్చాడని లోపలికి పోయాను.

వంటింట్లో వంగి నిలబడి మీట తిప్పుతున్నాడు.

"ఓబుళేశూ!"

ఉలిక్కిపడ్డాడు. "ఏమా, అప్పుడే వచ్చినావే?"

"ఏం చేస్తాండావురా?"

"ఏం లేదుమా. ఇది కరెంటు శానా లాగుతాందేమో అని..."

"కరెంటు మోటార్లు చుట్టి బతికేటోడివి, నాకా చెప్తాండావు కథలు?"

ముందుకు పోయి చూశాను. మీట వెచ్చన గుర్తు మీద ఉంది. ఎర్ర లైటు మాత్రం నంగనాచిలాగా వెలుగుతూనే ఉంది. రోజూ సాయంత్రం ఐదింటికే వచ్చి వీడే టీ పెట్టుకునేవాడు. మగపిల్లాడు వంటింట్లోకి పోతున్నాడని నేను మురిసిపోయి ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను కూడా. తనూజ వచ్చేలోగా మీట మళ్ళీ చిన్న సెగకు తిప్పడానికి పోయేవాడని ఇప్పుడు తెలిసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

"సిగ్గు లేదురా? నిన్న నీ పెండ్లాము నన్ను దొంగను చేసి నిలబెడితే, పక్కనే కూర్చుని టీ తాగినావే!"

"అత్తాకోడండ్ల మధ్య నేనెందుకు దూరేదని..." అని నసిగాడు. నేను వదలకపోయేసరికి గొంతు పెంచాడు. "సరేమా, నేనే చేసినా. ఏమైతాది ఇప్పుడు? దాన్ని కొట్టినానా, తిట్టినానా? మర్యాదగా మానిపిస్తాండా. నాయన నిన్ను మానిపించలేదా?"

"మీ నాయన నన్ను మానిపించేదేందిరా? దాలి ఆరిపోయి నేనే మానుకుంటి."

వాడు నా మొహంలోకి వింతగా చూశాడు. "ఊరికే ఆరతాదామా దాలి? మధ్యాన్నం నాయన వచ్చి చెంబెడు నీళ్ళు పోసిపోయేటోడు. అమ్మకు చెప్పొద్దురా అని నాకు బెల్లంముక్క ఇచ్చేటోడు. నీకు ఎప్పుడో తెలిసే ఉంటాదనుకున్నా."

నాకు ఆ దాలి కుండ కళ్ళ ముందు కనబడింది.

కుండ పొంగితే దాని ఒంటి మీద నురగ కారిన చారలుంటాయి. ఎండితే తెల్లగా అట్టకట్టి, ఎంత తోమినా వదలవు. ఆ కుండను రోజూ తోమింది నేనే. ఒక్కరోజు కూడా దాని మీద చార లేదు. కుండ ఒళ్ళంతా నల్లగా, పొడిగా ఉండేది. పదో తరగతి పాసైనదాన్ని, ఊళ్ళో పిల్లలకు అక్షరాలు చెప్పిన దాన్ని, తడి బూడిదను చూసి కుండను అనుమానించాను, పిడకలను అనుమానించాను, నా చేతులను అనుమానించాను. మనిషిని అనుమానించలేదు.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. చచ్చిపోయిన మనిషి మీద ఇంత కోపం వస్తే దాన్ని ఎక్కడ దించుకోవాలో నాకు తెలియలేదు.

"దానికి చెప్పొద్దుమా," అన్నాడు నా కొడుకు. ముప్పై ఎనిమిదేళ్ళ మగాడు.

"నువ్వు అంగడికి పో," అన్నాను.

వాడు పోయాక మూత తీశాను. రెండు గరిటెల పచ్చి ఉలవలు గిన్నెలోకి తీసి పక్కన పెట్టాను. మీట పెద్ద సెగకు తిప్పాను. పీట దాని ముందరికి లాక్కుని కూర్చున్నాను. మోకాళ్ళు పీకినా లేవలేదు. ఐదింటికి నా కొడుకు టీ పెట్టుకోవడానికి వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. టీ తాగకుండా ముందు గదిలోకి పోయాడు.

ఏడింటికి తనూజ, బస్టాండు నుంచి అన్నను వెంటబెట్టుకుని వచ్చింది. మూత తీసి ఉలవలు వేళ్ళతో నలిపి చూసింది. వెన్నలాగా నలిగాయి.

"తిప్పేవాళ్ళు తిప్పకుంటే ఉడుకుతాదన్నమాట," అంది నా మొహం చూస్తూ.

నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగాను. "కూర్చోండి, నేను వడ్డిస్తా" అన్నాను.

అందరికీ రొట్టెలు, ఉలవల పులుసు పెట్టాను. నా కొడుక్కి మాత్రం పక్కన పెట్టిన గిన్నెలోంచి పెట్టాను. వాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కటుక్కుమంది. నా వైపు చూసి, నమలడం ఆపాడు.

"బ్రహ్మాండంగా ఉండాయి కదా బావా?" అన్నాడు రాజశేఖర్.

"ఉడకలే," అన్నాడు వాడు, తల దించుకుని.

"నావి మెత్తగా ఉండాయి నాయనా," అంది శిల్ప.

"వాని తట్టలోవి ఉడకవు," అన్నాను నేను. "పదకొండున్నరకు వీడు మీట తిప్పినాక నేను తీసి పెట్టినవి. తనూజా, ఇన్ని దినాలూ తిప్పింది వీడు. రాజశేఖరప్పా, నువ్వూ విను. వీడు తిప్పేది, సాయంత్రం ఏమెరగనట్టు మళ్ళీ సరిచేసేది. నేను కండ్లారా చూసినా."

తనూజ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. మొగుడి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నిన్న అన్న మాట దాని మొహంలో కనబడింది. క్షమించమని అడుగుతుందేమోనని నాకు భయం వేసింది. అడగలేదు. మొగుడి వైపు తిరిగి గట్టిగానే చెప్పింది.

"నువ్వు తిప్పినా తిప్పకున్నా ఒకటే. ఈ పొద్దు మధ్యాన్నమే పర్మినెంటు కాయితం మీద సంతకం పెట్టి వచ్చినా. ఉలవలు పచ్చిగా ఉన్నా నేను సోమవారం డ్యూటీకి పోయేదాన్నే."

సంతకం పెట్టి వచ్చిందట! నేను రాసిచ్చిన కాయితం గుర్తొచ్చింది. ఎంత ముచ్చటైన అక్షరాలతో రాశానో ఆ రోజు.

నా కొడుకు తట్ట పక్కకు నెట్టి లేవబోయాడు.

"కూర్చోరా," అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనిపించింది. "మీ నాయన తట్ట గోడకేసి కొట్టి లేసిపోయినాడు. నేల మీద ఏరుకోని తిన్నది నేను. ఇంకో తరం ఆడదాని చేత ఏరించుకుంటావా? తిని లెయ్."

రాజశేఖర్, బావను చూడకుండా, గోడ వైపు చూశాడు. తనూజ తన రొట్టె తుంచుకుంది. నా కొడుకు తట్ట మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"నమలు," అన్నాను. "నిదానంగా నమలు. ముప్పై రెండేండ్లు నేను తొందరపడలే, ఈ పొద్దు నాకేం తొందర?"

కటుకు కటుకుమని నమిలాడు. తట్ట ఖాళీ అయ్యేదాకా మేమెవ్వరమూ లేవలేదు.