ఏమే పెద్దక్కా

ఆసుపత్రి ఆయమ్మ తడిగుడ్డ పిండి అతని అరికాళ్లు తుడుస్తోంది. పసుపులో ముంచి తీసినట్టున్నాయవి. కామెర్లు ముదిరి, కాలేయం ఒక్కసారిగా చేతులెత్తేసిన కొళాయి పనివాడతను. వేరే కాలేయం పెట్టే ఏర్పాటు ఈ ఊళ్లో లేదు. ఉన్నచోటికి తీసుకెళ్తే దారిలోనే పోతాడన్నారు.

"అది దానంతటది కోలుకునేదాకా మనిషిని నిలబెట్టడమే మన పని," అంది డాక్టరమ్మ.

అందుకని మంచం తలవైపు ఎత్తి ఉంచారు. ఒంట్లో చక్కెర పడిపోకుండా సెలైను ఎక్కుతోంది. కడుపులో విషం నిలవకుండా నర్సు విరేచనాల మందు పోస్తుంటే, గుడ్డలు మార్చేది ఆయమ్మ. రక్తపరీక్షలు మెల్లగా కుదుటపడుతున్నాయి. తెలివొక్కటి వస్తే మామూలు వార్డుకు పంపేస్తారు. వచ్చిందో లేదో చూడటానికి ఆయమ్మ పూటపూటా అడగాలి.

"నేనెవర్నిరా?"

"ఏమే పెద్దక్కా, మోటారు కట్టెయ్యలేదూ? ట్యాంకు పొర్లిపోతోంది!"

"కట్టేశాన్లే. పడుకో."

"అబద్ధాలకోరు! చప్పుడు వినిపిస్తుంటేనూ."

నర్సు నవ్వింది. "తమ్ముడు గట్టివాడే, పెద్దక్కగారూ!"

ఆయమ్మా నవ్వింది. అతని పెద్దక్క ఎప్పుడో పోయిందని అతని భార్య చెప్పింది. ఆయమ్మకి తోబుట్టువులు లేరు, పెళ్లయిన కొత్తలోనే భర్త పోయాడు. ఇన్నేళ్లుగా ఊరందరికీ ఆయమ్మే. "ఏమే" అని కసిరే నోరు అమ్మతోనే పోయింది.

పొద్దున "వీడికి తెలివి రప్పించు స్వామీ" అని దణ్ణం పెట్టుకుంది. చేతులు దించబోతూ ఆగింది. తెలివొస్తే తను ఎవరవుతుంది? నోరు ఒకటి అడుగుతూ మనసు వద్దంటుంటే, ఆ స్వామి మాత్రం ఏది వినాలి?

మధ్యాహ్నం పక్క మారుస్తుంటే అతను కళ్లు తెరిచాడు. పైకప్పు వంక, ఆమె చేతుల వంక నిదానంగా చూశాడు.

"నేనెవర్నిరా?"

"ఆయా కదండీ. మీకు శ్రమ ఇస్తున్నాను."

ఆమె చేతులు ఆగిపోయాయి. "సరిగ్గా చూసి చెప్పు బాబూ."

"ఆయాగారే. ఇది ఆసుపత్రి. మా ఆవిడేదండీ?"

దుప్పటి అతని గుండెల దాకా కప్పింది. తర్వాత తలుపు దగ్గరికెళ్లి పిలిచింది. "డాక్టరమ్మా, అబ్బాయికి తెలివొచ్చింది!"

సాయంత్రం చక్రాల బండి మీద మామూలు వార్డుకు తీసుకెళ్తుంటే అతను చేతులు జోడించాడు. "వెళ్లొస్తానండీ."

"చల్లగా ఉండు నాయనా," అంది.

ఇంకొకరికి మంచం కావాలి. ఆమె దుప్పటి లాగేసింది, రబ్బరు షీటు కడిగింది. తలగడ దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. అతని తల ఆనిన గుంట ఇంకా పూడలేదు. గలేబుకంటిన లేత పసుపు చెమ్మ ఇంకా ఆరలేదు.