మూడు ఇటుకల ఎత్తు

"టబ్బు ఫైబర్‌దే అని మొన్ననే చెప్పాను. మళ్ళీ మొదటికొస్తావేంటి?" అంటూ వెంకటేశ్వరరావు పేపరు మడిచి టీపాయ్ మీద పడేశాడు.

ఉదయలక్ష్మి మొదటికేమీ రాలేదు. నాలుగు రోజులుగా ఉన్నచోటే ఉంది. "కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలీదు. గీజరును నమ్ముకునేది లేదు. గ్యాస్ మీద మరగబెట్టిన నీళ్ళు తెచ్చి గుమ్మరిస్తే మీ ఫైబరు ఉబ్బిపోదూ?"

"ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేడివి కలుపు."

"మీ అమ్మగారు ఎప్పుడైనా అలా కలుపుకున్నారా?"

సోఫాలో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్న కోటేశ్వరమ్మ, "మధ్యలోకి నన్ను లాగకండి" అంది. ముందు మరిగే నీళ్ళు వంచి, ఆ పైన చన్నీళ్ళు కలుపుకోవడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అసలీ గొడవంతా ఆవిడ కోసమే. నడుము దాకా వేడినీళ్ళలో రోజూ అరగంట కూర్చోవాలని డాక్టరు చెప్పాడు. పాత బాత్‌రూము పగలగొట్టి టబ్బు పెట్టిద్దామని అందరూ ఒప్పుకున్నారు. టబ్బు దేనితో అన్న దగ్గరే ఆగిపోయారు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మూడో వారంలో పడింది. కొత్తపేటలో ఉదయలక్ష్మి లెక్కలు చెప్పే బడికి తాళం పడింది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సుల్లేవు. మేస్త్రీ యోబు మీర్‌పేట్ నుంచి నడిచే వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచి, టేపు చేతిలో పట్టుకుని మొగుడూ పెళ్ళాల మాటలు ఆగేదాకా నిలబడ్డాడు.

"ఇనుపదైతే ఎలా ఉంటుంది యోబూ?" అనడిగింది ఇంటర్ చదువుతున్న కూతురు తన్మయి.

"మోయనీకే ఆరుగురు గావాలె బిడ్డా. గీ సందులకెల్లి లోపటికి రాదు."

"ఫైబర్‌దైతే ఎన్ని బోల్టులుంటాయి?" వెంకటేశ్వరరావు ముందుకు వంగాడు. "రేపు ఊడదీస్తే గోడకి మచ్చ మిగలదుగా?"

ఉదయలక్ష్మి చేతిలోని గ్లాసు అక్కడే ఆగింది. ఇంకా పెట్టని టబ్బును ఊడదీసే మాట రావడం ఈ నాలుగు రోజుల్లో ఇది మూడోసారి.

"మాటలతోటి ఏం తెలుస్తది సార్? పెద్దమ్మ కాలు ఎంత లేస్తదో చూద్దాం" అన్నాడు యోబు. వాకిట్లో దింపిన ఇటుకలు తెచ్చి, సిమెంటు లేకుండానే హాల్లో చిన్న గోడలా పేర్చాడు. ఏడు వరసలు. "స్టాండు మీద ఫైబర్ టబ్బు గింత ఎత్తుంటది. దాటు పెద్దమ్మా."

కోటేశ్వరమ్మ కోడలి భుజం పట్టుకుంది. కుడికాలు లేచింది. నాలుగో వరస దాకా వచ్చి వణుకుతూ ఆగింది. ఆవిడ పళ్ళు బిగించి ఇంకాస్త లేపింది. బొటనవేలు తగిలి పై ఇటుకలు రెండు జారాయి. మనిషి బరువంతా ఒక్కసారిగా కోడలి మీదకు ఒరిగింది. ఉదయలక్ష్మి ఆవిడ నడుం పట్టుకుని వెనక గోడకు ఆనుకోకపోతే ఇద్దరూ ఇటుకల మీద పడేవాళ్ళు.

యోబు ఒక వరస తీశాడు. ఆవిడ ప్రయత్నించింది. ఇంకో వరస తీశాడు. అలా తీయగా తీయగా మూడు వరసలు మిగిలాక కాలు అవతల పడింది.

"గింతే ఉండాలె. గింతే ఉండాలంటే నేల తవ్వాలె. అడుగున్నర లోతు తీసి, దిగనీకె లోపట మెట్టు పెట్టి, ఇటుక కట్టి, సిమెంటు పూసి టైల్స్ ఏస్తే ఎంత మరిగిన నీళ్ళు పోసినా ఏంగాదు. కానీ ఒక్కపారి కట్టినంక మల్ల తీయరాదు."

"తవ్వితే బ్రోకరు బాపిరాజు తెచ్చిన బేరం పోతుంది" అనేశాడు వెంకటేశ్వరరావు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"ఏం బేరం?" అంది ఉదయలక్ష్మి.

కోటేశ్వరమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ తల దించుకుంది. అది చూశాక అత్తగారికి ముందే తెలుసని ఉదయలక్ష్మికి అర్థమైంది.

"ఈ ఇంటికే. విజయవాడ బ్రాంచికి బదిలీ అడిగాను. ఇస్తామన్నారు" అన్నాడు అతను, గొంతు తగ్గించి. "గోడల మీద ఏం రాస్తున్నారో చూడట్లా? రేపు రాష్ట్రం ఇచ్చేస్తే వీళ్ళు మనల్ని ఉండనిస్తారా?"

యోబు ఇటుక దుమ్ము అంటిన చేతులు దులుపుకున్నాడు. "నన్నే అన్నట్టుంది సార్."

"నిన్నెవరన్నారయ్యా."

"మొన్న రాస్తారోకోల కూసున్న. ఇయ్యాల మీ ఇంట్ల ఇటుకలు పేరుస్తున్న. రెండూ నేనే. రాష్ట్రం అడుగుతున్నం గానీ, మీ బాత్‌రూము మాకెందుకు సార్?"

తన్మయికి నవ్వొచ్చింది. తండ్రి మొహం చూసి మింగేసింది.

ఉదయలక్ష్మికి నవ్వు రాలేదు. తెనాలి నుంచి కొత్త కోడలిగా వచ్చి ఇరవై ఒక్క ఏళ్ళు. ఈ ఊళ్ళో ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు వాళ్ళ పిల్లల్ని తెచ్చి అదే బెంచీల మీద కూర్చోబెడుతున్నారు. భర్తకు బ్రాంచి మారితే సరిపోతుంది. తనకు మారడానికి ఇంకో బ్రాంచి లేదు.

"నాకెప్పుడు చెబుదామనుకున్నారు?"

"సంతకం దగ్గర చెబుదామనుకున్నా." ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. రిజిస్ట్రేషన్ నాడు అతనే మురిసిపోతూ రాయించాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. టీ కాచింది. ఐదు గ్లాసులతో వచ్చి అందరికీ ఇచ్చింది. యోబు చేతికి కూడా స్టీలు గ్లాసే ఇచ్చింది. తనది తీసుకుని ఆ మూడు ఇటుకల వరస పక్కన కుర్చీ వేసుకుంది. క్లాసులో హాజరు పిలిచే గొంతుతో, ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా చెప్పింది.

"తొట్టి నేలలోకే కట్టిద్దాం. ఈ ఇల్లు అమ్మట్లేదు, నేను సంతకం పెట్టట్లేదు. మీరు విజయవాడ వెళ్ళాలంటే వెళ్ళి రండి, ఆదివారాలు ఇక్కడికే వద్దురుగాని. అత్తయ్యగారు ఎక్కడుంటారో ఆవిడిష్టం, నీళ్ళు మాత్రం ఇక్కడ కాగుతాయి. యోబూ, రేపు పొద్దున్నే గడ్డపార తెచ్చుకో."