ఐదు బజర్లు, ఐదు తప్పులు

దుకాణం పెట్టుకున్నవాడికి రెండు భయాలుంటాయి. సరుకు అమ్ముడుపోదేమోనని ఒకటి, అమ్ముడుపోయింది తిరిగొస్తుందేమోనని రెండోది. మొదటిదానితో నిద్ర చెడుతుంది, రెండోదానితో పేరు చెడుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్న ఆయనకు రెండోదే ఎక్కువ. కాలింగ్ బెల్లయినా సరే, కొన్నవాడి ఎదుట ఒకసారి మోగించి చూపనిదే గడప దాటనిచ్చేవాడు కాదు.

ఆ బుధవారం చెల్లెలి బడికి గంట ముందే ఆయన్ని లాక్కొచ్చింది ఆ భయమే.

చెల్లెలు అక్కడ సైన్సు టీచరు. విరిగిన కుర్చీలు పడేసే గదిని రెండేళ్ల కిందట ఖాళీ చేయించి, నాలుగు బల్లలు వేయించి, గోడకు పనిముట్లు తగిలించి, తయారీ గది అని పేరు పెట్టింది. సోమవారం, గురువారం సాయంత్రాలు అన్న వచ్చి స్క్రూ ఎలా బిగించాలో, వైరు మీద తొడుగు ఎలా ఒలవాలో నేర్పిస్తాడు. పిల్లలకు ఆయన స్క్రూల మామయ్య. ఇప్పుడు పరీక్ష కాగితాలు దాచడానికి ఆ గదే కావాలంటున్నాడు హెడ్మాస్టరు. రెండు గంటలకు విద్యాశాఖ నుంచి ఆఫీసరమ్మ వస్తుంది. పిల్లలకు నిజంగా చేతిపని వస్తోందని ఆమెకు నమ్మకం కుదిరితే గది ఉంటుంది, లేదంటే తాళమే.

పిల్లలు భోజనాలకు వెళ్లారు. చెల్లెలు హెడ్మాస్టరు దగ్గర ఉంది. బల్లల మీద ఐదు బకెట్లు, ఒక్కోదానికి ఒక్కో బజర్. బడి మీది ట్యాంకు రోజూ నిండి పొర్లుతోందని పిల్లలే కనిపెట్టిన ఉపాయం అది. నీళ్లు నిండేకొద్దీ థర్మోకోల్ ముక్క పైకి తేలి రెండు రాగి రేకుల్ని కలిపితే బజర్ మోగాలి. ఆయన చెంబుతో నీళ్లు పోసి చూశాడు. మోగలేదు. రెండోది మోగలేదు. ఐదింటిలో ఒక్కటంటే ఒక్కటి కుయ్యిమనలేదు.

ఐదూ ఒకేసారి ఎందుకు చెడ్డాయని అనుమానం రావలసిన మనిషే. కానీ కంగారు కూర్చున్న చోట అనుమానానికి పీట దొరకదు. ఒకదానిలో బ్యాటరీ తిరగేసి ఉంది. ఒకదానిలో రేకుల మధ్య కాగితం ముక్క ఇరుక్కుంది, చెత్త అనుకుని తీసి పారేశాడు. ఒకదానిలో బజర్‌కు ఎర్ర వైరు ఉండాల్సిన చోట నల్లది ఉంది. ఇంకోదానిలో స్క్రూ వదులు. చివరిదానిలో వైరే తెగి ఉంది. బ్లేడుతో చకచకా ఒలిచి, మెలితిప్పి, నల్ల టేపు నున్నగా చుట్టాడు. చెమట తుడుచుకుని, నీళ్లు పారబోసి, ఏమీ ఎరగనట్టు గోడకు ఆనుకున్నాడు.

హెడ్మాస్టరును వెంటబెట్టుకుని ఆఫీసరమ్మ వచ్చింది. చెల్లెలు వివరంగా చెప్పింది: నిన్న ప్రతి జట్టూ ఇంకో జట్టు బజర్‌లో కావాలనే ఒక తప్పు పెట్టింది, ఎవరి బజర్‌లోని తప్పును వాళ్లు ఇప్పుడు మీ ఎదుట వెతికి పట్టుకుంటారు, చెడినదాన్ని బాగుచేయగలిగితేనే చేసే పని తెలిసినట్టు.

నిన్న మంగళవారం. ఆయన రాని రోజు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయన పని.

పిల్లలు నీళ్లు పోశారు. ఐదు బజర్లూ ఒక్కసారిగా మోగాయి. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. మేం కాగితం పెట్టామండీ అని ఒక జట్టు, మేం వైరు కోశామండీ అని ఇంకో జట్టు గోల పెట్టాయి. ఆఫీసరమ్మ చివరి బజర్ ఎత్తి టేపు మీద వేలు రాసింది. ఇది పిల్లలు చుట్టిన టేపు కాదంది. అన్నీ ముందే సిద్ధం చేయించి, తప్పులు వెతుకుతారంటూ కబుర్లు చెబుతున్నారా అని చెల్లెలిని అడిగింది.

ఆయన మనసులో త్రాసు ఊగింది. ఊరుకుంటే పిల్లలు అబద్ధాలకోరులవుతారు. చెబితే ఇదంతా షాపువాడి పనితనమే అనుకుంటారు. ఎలా తూచినా నష్టమే. కాకపోతే మొదటి నష్టం తనది కాదు, పిల్లలది.

"అమ్మా, బాగుచేసింది నేను. వీళ్లకెవరికీ తెలీదు."

చెల్లెలు గిర్రున తిరిగింది. "అన్నయ్యా, నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

"ఎవరూ అనలేదే. ఒక్కటీ మోగకపోతేనూ..."

"మోగకూడదనే కదా పెట్టింది."

ఆయన ఆఫీసరమ్మ వైపు తిరిగి, పిల్లల్ని బయటికి పంపి ఆవిడనే ఒక తప్పు పెట్టమన్నాడు. ఆమె సరేనంది. ఆ టేపు చుట్టినదాన్నే తీసుకుంది. పిల్లల్ని మళ్లీ పిలిచినప్పుడు, ఆ బజర్ జట్టులోని పొడుగుజడ పిల్ల గుమ్మంలోనే ఆగింది.

"మామయ్యా, మీరు బయటుండండి. మీ చేతులు ఊరుకోవు."

వరండాలో ఆయన కాలు గాలిన పిల్లిలా తిరిగాడు. నాలుగు నిమిషాలైంది. లోపల మాటలే తప్ప మోత లేదు. రెండుసార్లు తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఆఫీసరమ్మ ఏం మార్చి ఉంటుంది? బ్యాటరీయా? రేకులా? పదకొండో నిమిషాన బజర్ ఒక్క క్షణం మోగి ఆగిపోయింది. ప్రాణం ఉసూరుమంది. ఇంకొంతసేపటికి గట్టిగా, ఆగకుండా మోగింది.

అప్పుడు లోపలికి పిలిచారు. ఆఫీసరమ్మ ఒక స్క్రూ వదులు చేసిందట. దాన్ని మూడు నిమిషాల్లో పట్టేశారట. అయినా మోగలేదు. ఆమెకే అర్థం కాలేదు. పొడుగుజడ పిల్ల టేపు విప్పి, వైరు ముక్క ఆయన ముందు పెట్టింది. ఒలిచిన చోట బ్లేడు లోతుగా దిగి రాగికి గాటు పడింది. ఆఫీసరమ్మ చేతిలో అటూఇటూ వంగేసరికి పుటుక్కుమంది. తెగిన కొసలు వేళ్లతో కలిపి పట్టుకుని మోగించారు.

"బ్లేడు నొక్కితే రాగి తెగుతుందని చెప్పింది మీరే కదా మామయ్యా. తొందరలో ఒలిచారా?"

"తొందరలోనే ఒలిచానమ్మా."

ఆఫీసరమ్మ నవ్వు ఆపుకుంటూ, తను పెట్టని తప్పు కూడా పట్టుకున్నారు కాబట్టి గది ఈ ఏడాదికి ఉంటుందని రాసిచ్చింది. మరి కాగితాలెక్కడ పెట్టుకోను అని హెడ్మాస్టరు గొణిగాడు. చెల్లెలు అన్న మొహం చూడకుండా బకెట్లు సర్దుతోంది.

పిల్ల కొత్త వైరు తీసుకుని తొడుగు ఒలవడం మొదలుపెట్టింది. బ్లేడు ఆనించి, తిప్పి, ఆపి, వెలుతురులో చూసి, మళ్లీ తిప్పింది. ఆ వేగంతో రోజుకు నాలుగు బెల్లులు కూడా బిగించలేరు. షాపులో గిరాకీ ఎదురుచూస్తూ ఉంటుంది. ఆయన రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుని, కాళ్లు మార్చి మార్చి నిలబడి, ఆ తొడుగు ఎప్పుడు ఊడుతుందా అని చూస్తున్నాడు.