నల్ల కాగితం మీద ఎలుక

అలా కాదమ్మడూ, ముందు ఎలుకల సంగతి రాయి. ఇంటి సంగతి తర్వాత.

మీ అమ్మ పనిచేసే మందుల ల్యాబులో తెల్ల ఎలుకల గదులు మూడు. వాటి పంజరాలు కడగడం, మేత వేయడం, ఒక్కోదాన్నీ పట్టి చూడటం ఆమె పని. ఆ వారం ఎలుకలు చెవుల వెనక రక్తం కారేలా గోక్కున్నాయి. బొచ్చు మీద జిగురు టేపు అద్ది మైక్రోస్కోపులో చూస్తే, కాళ్ళాడిస్తూ పిడుదుల్లాంటి సన్న పురుగులు.

"కొత్త ఎలుకల్ని నెల్లాళ్ళు విడిగా ఉంచమన్నాను సార్, మీరు వినలేదు" అంది.

"మీ బట్టల్లోనే వచ్చుంటాయమ్మా" అన్నాడు ఆఫీసరు. "తప్పు మీదేనని ఒప్పుకుంటూ ఈ కాగితం మీద సంతకం పెట్టండి."

ఇంట్లో చెబితే మీ నాన్న ఫోన్లోంచి తలెత్తలేదు. "ఒక్క సంతకానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు. మీ నానమ్మ, "ముందు చేతులు కడుక్కో తల్లీ, మాక్కూడా అంటిస్తావా ఏం?" అంది. అప్పటికే రెండుసార్లు కడుక్కున్న చేతులవి. మూడోసారి కడుక్కుంటూ ఆలోచించింది. కూర మాడినా, పిల్లకి జ్వరమొచ్చినా, మొగుడికి ప్రమోషన్ రాకపోయినా, అన్నీ తన బట్టల్లోనే వచ్చాయా ఈ ఇంటికి?

మర్నాడు కొత్త ఎలుకల పెట్టె ఇంకోటి దిగింది. అందరి ముందూ సీలు విప్పించింది. లోపల ఒకటి అప్పుడే చచ్చి ఉంది. పట్టకారుతో తీసి నల్ల కాగితం మీద పడుకోబెట్టి, పురుగులు దాటిపోకుండా చుట్టూ జిగురు టేపు అతికించింది.

"ఏదమ్మా, ఒక్క పురుగూ లేదే?" అని ఆఫీసరు నవ్వాడు.

"కూర్చోండి సార్. ఇంకా వెచ్చగానే ఉంది."

ఒళ్ళు చల్లబడేకొద్దీ చచ్చిన ఎలుక బొచ్చు కదలడం మొదలెట్టింది. వెంట్రుకల కొసలకి తెల్లగా ఒకటి ఎక్కింది, తర్వాత పది, తర్వాత లెక్కలేదు. ఇంకో వెచ్చటి ఒళ్ళు వెతుక్కుంటూ కాగితం మీదకి దిగి నడిచాయి. ఆఫీసరు కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. అయినా సంతకం కాగితం మాత్రం ఆమె ముందుకే తోశాడు. "రేపు తెండి" అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి హాల్లో కుర్చీలో కూర్చుంది. లైటు వేయలేదు, పొయ్యి వెలిగించలేదు, పిలిస్తే పలకలేదు. కదలకుండా అలాగే ఉంది. కాసేపటికి ఒక్కో గది తలుపూ తెరుచుకుంది.

"కాఫీ ఏదీ?"

"నా మాత్రలెక్కడ పెట్టావ్?"

"చొక్కా ఇస్త్రీ చేయలేదా?"

ఒక్కొక్కరే వచ్చి ఆ చీకట్లో ఆమె చుట్టూ నిలబడ్డారు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఆమె రెప్ప వేయకుండా అందరినీ చూసింది. ఆ చూపుకి పురుగులు పాకినట్టు ఒళ్ళు జలదరించింది మాకు.

"సంతకం పెట్టను" అంది నెమ్మదిగా. "ఆ పురుగులు ఎక్కణ్ణుంచి వచ్చాయో ల్యాబు రిజిస్టర్లో రాసేసి వచ్చాను. ఉద్యోగం పోతే పోనీ. వేరే గది చూసుకున్నాను, రేపు పిల్లా నేనూ వెళ్తున్నాం."

అంతేనమ్మా. సెలవులయ్యి వెళ్ళాక ఇది మీ అమ్మకి చదివి వినిపించు. ఆ రోజు అందరికన్నా ముందు గదిలోంచి లేచొచ్చింది మీ తాతే, అంటే నేనేనని రాశావా? రాయలేదా? అదీ రాసి, అప్పుడు చదువు.