పది గజాల గొలుసు

లిండెన్ క్రాసింగ్ కాలేజీ జట్టు ఒక్క ఊపులో నలభై గజాలు దూసుకుపోయినప్పుడల్లా ఊరు ఊరంతా లేచి గంతులు వేసేది. ఆల్విన్ కుచెరా ఒక్కడికే గుండెలో రాయి పడేది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండేది అతని సంగతి. అలాగని అతనికి జట్టు మీద ప్రేమ లేదనుకుంటే పాపం తగులుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా, శనివారం వస్తే చాలు, మైదానం అంచున గొలుసు పట్టుకుని నిలబడేది అతనే.

బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఈ అమెరికా ఫుట్‌బాల్ ఆటకు పది గజాలే ప్రాణం. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళితే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. లేకపోతే బంతి అవతలివాళ్ళది. ఆ పది గజాలకు కొలత గొలుసు. దానికి రెండు చివర్లా రెండు కర్రలు. ముందు కర్ర మైలో సెడ్లాక్‌ది. మైలో ఊళ్ళో నలభై ఏళ్ళు అందరి తలలూ గొరిగి, ఈమధ్యే కత్తెర పక్కన పెట్టాడు కానీ నోరు మాత్రం పెట్టలేదు. వెనక కర్ర ఆల్విన్‌ది. బంతి ఎంత దూరం వెళితే గొలుసూ అంత దూరం పరుగున వెళ్ళి నిలబడాలి. అది నిలబడేదాకా ఆట సాగదు.

ఇంకో చిక్కుంది. నారింజరంగు పైకోటు తొడిగిన క్షణం నుంచి గొలుసువాళ్ళు రిఫరీల మనుషులు. సొంత ఊరి జట్టయినా సరే, చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, ఆటగాళ్ళతో మాట కలపకూడదు. కలిపితే కోటు విప్పేయాల్సిందే.

పాత కోచ్ ఉన్నన్నాళ్ళూ ఇదంతా నల్లేరు మీద బండి నడక. ఆ జట్టు మూడేసి గజాలు ముక్కుతూ మూలుగుతూ పోయేది. ఆల్విన్ నడుచుకుంటూ పోయి కర్ర పాతేవాడు. కిందటేడు కొత్త కోచ్ వచ్చాడు. ఇరవై గజాలకు తక్కువైతే అతని దృష్టిలో అది ఆటే కాదు. అంత దూరం దూసుకెళ్ళిన ప్రతిసారీ, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది తలుపు మీద ఒక ఎర్ర గీత గీయించేవాడు. పాత కోచ్ చివరి ఏడాది మొత్తం మీద అలాంటివి పదకొండు. ఈ ఏడు ఆఖరి ఆటకు ముందే యాభై రెండు. అందులో సగం రీస్ ఒక్కడివే. రీస్ ఎవరో కాదు, ఆల్విన్ కూతురి కొడుకు. తల్లి ఒమాహాలో ఆసుపత్రి షిఫ్టులు చేసుకుంటుంటే, ఆరో ఏట నుంచి తాత ఇంట్లోనే పెరిగాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ చిత్రమేమిటంటే, పిల్లిని పెంచింది ఎలుకే.

ఆల్విన్ కుడి మోకాలిలో ఎముకకు ఎముక రాసుకుంటోందని, డిసెంబరులో కోసి కొత్తది పెడతానని డాక్టరు చెప్పాడు. ఈలోగా మూడు వారాల కిందట, అంచు గీత దగ్గర నిలబడే రిఫరీ థాడ్ అతన్ని పక్కకు పిలిచాడు. ముప్పై ఏళ్ళు దాటని కుర్రాడు, పక్క ఊరి బడిలో లెక్కల మాస్టారు. "ఆల్విన్ గారూ, ఇవాళ రెండుసార్లు మీకోసం ఆట ఆపాల్సొచ్చింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టమని రాయాల్సి ఉంటుంది. ఏమీ అనుకోకండి" అన్నాడు. ఆల్విన్ ఏమీ అనుకోలేదు. ఆ మాట భార్య ఫర్న్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

రీస్‌కి ఇది కాలేజీలో ఆఖరి ఏడు. ఆఖరి ఆట సొంత మైదానంలోనే. మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు వాడు వేలెడంత కనబడతాడు. గొలుసు దగ్గర నిలబడితే వాడి ఊపిరి వినబడుతుంది. ఆ ఊపిరి ఆఖరిదాకా విని, అదే రోజు తనూ కర్ర దించేయాలని ఆల్విన్ కోరిక. ఆ వయసులో అతను ఇంకేం కోరుకున్నాడు కనక!

ఆ శనివారం కోసిన మొక్కజొన్న చేల మీదుగా చలిగాలి ఈడ్చి కొడుతోంది. ఆట మొదలైన పది నిమిషాలకే మనవాళ్ళు పొడుగ్గా ఒక బంతి విసిరారు. ఎవరో పొడుగుకాళ్ళ కుర్రాడు పట్టుకుని పడ్డాడు. నలభై మూడు గజాలు. ఊరు హోరెత్తింది. ఆల్విన్ పళ్ళు బిగించి కుంటుతూ పరిగెత్తాడు.

"ఒరేయ్, నేను గొలుసు లాగుతున్నానా, నిన్ను లాగుతున్నానా?" అన్నాడు ముందు పరిగెడుతున్న మైలో.

"నోర్మూసుకుని లాగు."

థాడ్ గడియారం చూసుకున్నాడు.  కర్ర సమయానికే నిలబడింది, వెంట్రుకవాసిలో.

తరవాత బంతి రీస్ చేతికొచ్చింది. అంచు వెంబడి వచ్చాడు, ఒకణ్ణి తప్పించాడు, ఎదురుగా మైదానమంతా ఖాళీ. ఊరంతా లేచి నిలబడింది. పదమూడు గజాల దగ్గర వాడు టక్కున గీత అవతల కాలు పెట్టేశాడు. గీత దాటి కాలు పెడితే ఆ పరుగు అక్కడితో సరి. లేచినవాళ్ళందరూ ఉసూరుమంటూ కూర్చున్నారు.

"ఏంట్రా మీవాడికి, దెయ్యం గానీ పట్టిందా? ముందు పిట్ట కూడా లేదు కదా!" అన్నాడు మైలో.

"కాలు జారుంటుంది" అన్నాడు ఆల్విన్.

రెండోసారీ అలాగే జరిగింది. ఈసారి పన్నెండు గజాలకు, సరిగ్గా ఆల్విన్ ముందే గీత దాటాడు. కోచ్ తిడుతున్నాడు. రీస్ కోచ్ వైపు చూడలేదు. తాత మోకాలి వైపు చూసి, తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆల్విన్‌కి అప్పుడర్థమైంది. వాడి కాలు జారలేదు.

విరామంలో అతను తిన్నగా కంచె దగ్గరికి వెళ్ళాడు. ఫర్న్ అవతల నిలబడి ఫ్లాస్కు మూత తిప్పుతోంది. చేతిలో కాగితంలో చుట్టిన గసగసాల బన్ను.

"వాడికి చెప్పావా?"

"ఏం చెప్పాను?"

"ఫర్న్!"

ఆమె కాఫీ పోసి అందించింది. "గురువారం పొద్దున హాస్టల్ నుంచి వచ్చాడు. నువ్వు మోకాలికి ఐసు కట్టుకుని కుర్చీలో గురక పెడుతున్నావు. ఏంటిదని అడిగాడు. వాడి మొహం చూస్తూ అబద్ధమాడటం నీకు చేతనైతే ఆడుకో ముసలాడా, నాకు చేతకాదు."

"రిఫరీ అన్న మాట కూడా చెప్పేశావా?"

"చెప్పా. 'ఈ ఒక్క ఆటా నేను చూసుకుంటా అమ్మమ్మా' అన్నాడు. వచ్చి నీ మోకాలికి కట్టు కడతాడు కాబోలనుకున్నా." ఆమె గొంతు తగ్గింది. "ఇలా చేస్తాడనుకోలేదయ్యా."

ఆల్విన్ కాఫీ తాగలేదు. కోపం రావలసిన చోట కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆరేళ్ళప్పుడు రీస్ మంచులో నడిస్తే తాత అడుగుజాడల్లోనే కాళ్ళు పెట్టి నడిచేవాడు. వాడికి అందాలని ఆల్విన్ బారెడు అడుగులు మానేసి చిన్న చిన్న అడుగులు వేసేవాడు. బజారుకు వెళ్ళి రావడానికి గంట పట్టేది, ఫర్న్ తిట్టేది.

"ఆ కర్ర ఇంకెవరికైనా ఇచ్చేసి నా పక్కన కూర్చోరాదూ?" అంది ఫర్న్.

"ఇంకా సగం ఆటే" అన్నాడు ఆల్విన్.

నిజం చెప్పొద్దూ, అతని మనసులో ఒక మూల సంతోషంగానే ఉంది. ఇంత మంది అరుస్తుంటే, వాడు ఒక్క ముసలివాడి మోకాలి గురించి ఆలోచిస్తున్నాడు. ఇంకొంచెంసేపు నోరు మూసుకుంటే తన కోరిక తీరిపోతుంది. జట్టు ఎలాగో గెలుస్తుందిలే, రేపు చీవాట్లు పెడదాం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా పడ్డాడు, కానీ కర్ర పట్టుకుని తన చోటికే వెళ్ళాడు.

జట్టు ఎలాగో గెలవలేదు. ఆట ఇంకా నాలుగు నిమిషాలుందనగా ఐదు పాయింట్లు వెనకబడి ఉంది. బంతి తమ వైపు ముప్పయ్యో గజం దగ్గర, అవతలి చివరి గీతకు ఇంకా డెబ్బై గజాలు. మళ్ళీ రీస్ చేతికే ఇచ్చారు. వాడికి దారి చేయడానికి ముందున్న లావుపాటి కుర్రాడొకడు ఇద్దరిని ఒక్కడే మోసుకుంటూ పోయి, వాళ్ళ కింద పడ్డాడు. ఆ సందులోంచి రీస్ బయటపడ్డాడు. దారి తెరిచి ఉంది. పదకొండు గజాలు పరిగెత్తి, గీత దాటేశాడు.

లావుపాటి కుర్రాడు మెల్లగా లేచాడు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. రీస్ ఎంత దూరం వెళ్ళాడా అని ఆశగా చూసి, అక్కడే నిలబడి ఉన్న రీస్‌ని చూసి, ఏమీ అర్థంకాని మొహం పెట్టాడు. కోపమైనా చేసుకోలేదు పాపం. ఆ మొహం ఆల్విన్ చూశాడు. ఇక నోరు మూసుకోవడం అతని వల్ల కాలేదు.

కుంటుతూ వెళ్ళి, రీస్ నిలబడిన చోటే కర్ర పాతాడు. థాడ్ రెండు బారల దూరంలో ఉన్నాడు.

"ఒరేయ్ రీస్."

రీస్ ఉలిక్కిపడ్డాడు. నాలుగేళ్ళలో ఈ మైదానంలో తాత తనతో ఒక్క మాట మాట్లాడలేదు.

"తాతా, రిఫరీ వింటాడు..."

"విననీ. నీకోసం ఆ పిల్లాడు మూతి పగలగొట్టుకున్నాడు, చూశావా? వాడికి నువ్వేం సమాధానం చెప్తావు? మా తాతకి మోకాలు నొప్పి అని చెప్తావా?"

రీస్ ఆ కుర్రాడి పెదవి వైపు చూశాడు.

"నువ్వు పదకొండు గజాల్లో ఆగితే నేను పదకొండు గజాలు కుంటాలి. యాభైలో ఆగితే యాభై గజాలూ చావాలి. అదే ఆ చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశావనుకో, గొలుసుతో పనే లేదు. తాపీగా నడుచుకుంటూ వస్తా. నా మోకాలి మీద నీకంత ప్రేమే ఉంటే మధ్యలో ఆగకు నాన్నా."

శిరస్త్రాణం ఊచల వెనక వాడి కళ్ళు నిండాయి. "నిన్ను తీసేస్తారు తాతా."

"ఎప్పుడో తీసేశారు. నోరు తెరిచినప్పుడే తీసేశారు. ఇంకెందుకు ఆగుతావు? పో!"

రీస్ ఒక్క క్షణం అతన్నే చూశాడు. తరవాత వెళ్ళి తనవాళ్ళలో కలిశాడు.

థాడ్ ఆకాశం వైపు చూస్తున్నాడు. ఈల వేశారు. బంతి కదిలింది. లావుపాటి కుర్రాడు మళ్ళీ ఇద్దరి మీద పడ్డాడు. రీస్ ఆ పక్క నుంచి అంచుకు వచ్చాడు. తెల్లగీత మీద సున్నం లేచేంత దగ్గరగా, తాత ముందు నుంచే పోయాడు. ఇందాక కాలు బయటపెట్టిన చోటు దాటాడు. దాటి, మరి వెనక్కి చూడలేదు. వెంటబడ్డవాళ్ళు ముగ్గురు, తరవాత ఒకడు, ఆ తరవాత ఎవరూ లేరు. యాభై తొమ్మిది గజాలు, ఆరు పాయింట్లు. ఆ చివర గీత దాటినప్పుడు లేచిన కేకకు చెవులు గింగిరుమన్నాయి. మైలో కూడా కోటు సంగతి మరిచి ఎగిరాడు.

థాడ్ దగ్గరికి వచ్చాడు. అతని మొహం కందగడ్డలా అయింది.

"ఆల్విన్ గారూ... మీరు ఆటగాడితో ఏదో అన్నట్టున్నారు. గాలి మోతలో నాకు సరిగ్గా వినబడలేదనుకుంటా."

"గాలి ఆగి చాలాసేపైంది బాబూ" అన్నాడు ఆల్విన్. కోటు గుండీలు విప్పి, మడతపెట్టి, కర్రతో సహా అందించాడు. "నీ లెక్క నువ్వు తప్పకు."

థాడ్ రెండు చేతులా అందుకున్నాడు. ఇక కర్ర పట్టమని, కంచె దగ్గర చలికి వణుకుతున్న మైలో తమ్ముణ్ణి చేయెత్తి పిలిచాడు.

రీస్ తనవాళ్ళ బెంచీ దగ్గరికి రాలేదు. భుజాల మీద పడ్డవాళ్ళందరినీ విడిపించుకుని, ఆ చివరే, గీత పక్కన, శిరస్త్రాణం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆల్విన్ అంచు వెంబడి అటు నడిచాడు. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. మెట్ల మీద ఫర్న్ లేచి నిలబడి ఉందని అతనికి తెలుసు. జట్టువాళ్ళు టచ్‌డౌన్ తరవాత దక్కే అదనపు పాయింటు కోసం బంతి తన్నారు, అది లోపలికి వెళ్ళిందో లేదో అతను చూడనే లేదు. అతనికి తోచినంతసేపు పట్టింది ఆ నడక.

"ఏంటి తాతా, ఇంతసేపా?" అన్నాడు రీస్. వాడి గడ్డం వణుకుతోంది.

"నడిచొస్తానని చెప్పాగా" అన్నాడు ఆల్విన్. వాడి భుజం మీద చేయి వేసి, ఎవరు చూస్తున్నారన్న బెంగ లేకుండా, ఒంటి బరువంతా వాడి మీద ఆనించాడు.