చదివింపుల కచేరీ

నంద్యాల కల్యాణమండపంలో అంతర్జాతీయ శాస్త్రీయ సంగీత పోటీ. పాణ్యంలో అమ్మమ్మ ఇంటికి సెలవులకొచ్చిన సింగపూరు పిల్ల ఒకతె పేరిచ్చింది కాబట్టి అంతర్జాతీయం. ఖర్చంతా విత్తనాల వ్యాపారి పుల్లయ్య శెట్టి పోగుచేసిన చందాలది. అహోబిలం నుంచి న్యాయనిర్ణేతగా వచ్చిన కోమలవల్లికి మొదటి పాటకే కడుపు మండింది.

సింగపూరు పిల్ల తోడి రాగం ఎత్తుకుని, గొంతు అప్పుడే కుదురుకుంటుండగా పుల్లయ్య బామ్మర్ది శ్రీహరి మైకు అందుకున్నాడు. పెళ్లిలో ఎవరేం పెట్టారో చదివినట్టే చదివాడు.

"అవుకు రైసుమిల్లు ఓనరు గారి చదివింపులు, ఈ కుర్చీలన్నీ!"

చప్పట్లు మోగాయి. పిల్ల మళ్లీ ఎత్తుకుంది.

"నందికొట్కూరు ఎరువుల అంగడి వారిది, మధ్యాహ్నం భోజనంలో వడ!"

ఈసారి ఈలలు కూడా.

"ఏందప్పా ఇది? పాట అయినాక చదవకూడదా?" అంది కోమలవల్లి.

"అయినాక జనం లేచిపోతారు గదమ్మా," అన్నాడు పుల్లయ్య. "దుడ్లిచ్చినోళ్ల పేర్లు వినిపించేదానికే గదా పాటలు పెట్టింది."

సాయంత్రం తీర్పు అడిగితే ఆమె మైకు లాక్కుంది.

"పొద్దుట్నుంచీ గొంతు తడబడకుండా, పాటపాటకూ చప్పట్లు కొట్టించుకున్నది శ్రీహరి ఒక్కడే. మొదటి బహుమతికని ఆళ్లగడ్డలో చెక్కించిన ఆ రాతి వీణ ఆయనకే ఇచ్చేయండి."

సిగ్గుతో తల దించుకుంటారనుకుంది. పుల్లయ్య లేచి దండం పెట్టాడు.

"మా మనసులో మాటే చెప్పినారమ్మా!"

శ్రీహరి ఒక చేత్తో వీణను నిమురుతూ, రెండో చేత్తో మైకు తీసుకున్నాడు.

"అహోబిలం కోమలవల్లమ్మ గారి చదివింపులు, ఒక తీర్పు!"